తాతగారి కెనూను బాగుచేయించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

మీరు రాసింది చదివి, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఇతరులకూ అర్థం కావాలి కాబట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను. మీది కవిటి మండలం. మీ తాతగారు కెనడాలో ఉద్యోగం ముగించుకుని వస్తూ ఇంటి సామానుతో పాటు పదహారు అడుగుల కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) ఒకటి తెచ్చుకున్నారు. లోపలంతా చెక్క, పైన కాన్వాస్ గుడ్డ, కొన మీద చెస్ట్‌నట్ కంపెనీ ముద్ర. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు సావిడి కప్పు కూలి దాని మీద పడింది. అప్పటి నుంచి తోటలో టార్పాలిన్ కప్పి, నేల మీదే బోర్లించి ఉంచారు. గుడ్డ చిరిగింది, నాలుగు బద్దలు విరిగాయి, ఒక కొన మెత్తబడింది. భావనపాడు వైపు ఫైబర్ తెప్పలు బాగుచేసే మేస్త్రి పైన ఫైబర్ వేసేస్తానంటున్నాడు. మీ బాబాయిగారు వదిలేయమంటున్నారు. నాయనమ్మగారికి మాత్రం అది ఇంట్లోంచి కదలడం ఇష్టం లేదు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఫైబర్ వేయించకండి. పారేయకండి. కొత్తదానిలా మెరిసేట్టు చేయించాలన్న ఆలోచన కూడా ఇప్పుడు వద్దు. ఆరబెట్టి, లోపలి ఆకారం నిలిచి ఉందో లేదో చూశాకే నిర్ణయం తీసుకోండి. చిరిగిన గుడ్డ, రాలిన రంగు చూసి మాత్రం దాని గతి తేల్చేయకండి.

నేను కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో ఇలాంటి పడవలు బాగుచేసే షెడ్డులో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు టెక్కలి దగ్గర ఉంటున్నాను. అక్కడి పని తీరు, మన తీరం గాలి రెండూ తెలిసి చెబుతున్న మాటలివి.

ఈ పడవ ఎలా తయారవుతుందో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఉత్తర అమెరికా ఆదివాసులు బర్చ్ చెట్టు బెరడుతో చేసుకునే తేలిక పడవ దీనికి మూలం. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పెద్ద బెరడు దొరకడం కష్టమై, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పెనోబ్‌స్కాట్ నది చుట్టుపక్కల బెరడు స్థానంలో కాన్వాస్ వేయడం మొదలైంది. బ్యాంగర్ ఊళ్లో ఎవాన్ గెరిష్ అనే ఆయన అలా చేసి అమ్మిన తొలివాళ్లలో ఒకరు. తర్వాత మెయిన్‌లో ఓల్డ్ టౌన్ కంపెనీ, కెనడాలో ఫ్రెడరిక్టన్ ఊళ్లో చెస్ట్‌నట్ కంపెనీ వీటిని పెద్ద ఎత్తున తయారుచేశాయి. చెస్ట్‌నట్ 1970ల చివర్లో మూతబడింది కాబట్టి మీ పడవకు ఎంత తక్కువ వేసుకున్నా నలభై అయిదేళ్లు దాటాయి. ఓల్డ్ టౌన్ పడవలకైతే కొన కర్ర మీద చెక్కిన నంబరును బట్టి ఎప్పుడు, ఏ కలపతో చేశారో పాత చిట్టాలు చెబుతాయి. చెస్ట్‌నట్‌కు అలా పడవవారీ లెక్క దొరకదు. కాబట్టి సంవత్సరం కోసం వెతుకుతూ టైమ్ పాడుచేసుకోకండి.

తయారీకి పడవ ఆకారంలో ఒక గట్టి అచ్చు ఉంటుంది. దాని మీద అక్కడక్కడా ఇనుప పట్టీలు బిగించి ఉంటాయి. వైట్ సెడార్ అనే తేలిక కలపతో చేసిన సన్నటి బద్దలను ఆవిరిలో మెత్తబరిచి ఆ పట్టీల మీద వంచుతారు. వెడల్పు రెండంగుళాల పైచిలుకు, మందం ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు. వీటి మీద నాలుగు మిల్లీమీటర్ల పలకలను ఇత్తడి మేకులతో కొడతారు. మేకు పొడవు ఈ రెండు చెక్కల మందం కంటే ఎక్కువ. అందుకే మొన ఇనుప పట్టీకి తగిలి, వెనక్కి తిరిగి మళ్లీ చెక్కలోనే దిగుతుంది. జిగురుతో పని లేకుండా వందల మేకులు అలా కొక్కెంలా పట్టుకోవడం వల్లే ముప్పై అయిదు కిలోలు కూడా ఉండని పడవ ఇద్దరు మనుషుల్ని, సామాన్లని మోస్తుంది.

ఇక పైన గుడ్డ. దాన్ని చెక్కకు అంటించరు. గట్టిగా లాగి, అంచుల వెంట, రెండు కొనల దగ్గర మేకులు కొడతారు, అంతే. దారాల సందులు పూడేలా ఒక రకం లప్పం రుద్ది, అది ఆరాక రంగు వేస్తారు. అంటే గుడ్డ వాడి మార్చేసేదే. మంచి సంరక్షణలో ఇరవై ముప్పై ఏళ్లు వస్తుంది, పాతబడ్డాక విప్పి లోపలి చెక్క సరిచేసి కొత్తది వేస్తారు. చేసినవాళ్లు ఆ ఉద్దేశంతోనే చేశారు. మీ పడవ గుడ్డ చిరిగిందంటే దాని వంతు అయిపోయిందని అర్థం, పడవ అయిపోయిందని కాదు.

మేస్త్రి చెప్పిన ఫైబర్‌ను నేను వద్దనడానికి కారణం ఇదే. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. ఫైబర్ తెప్పలో ఫైబరే తెప్ప, లోపల కదిలే చెక్క ఉండదు. ఈ పడవలో సెడార్ వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ఫైబర్‌ను పట్టించే పాలిస్టర్ రెజిన్ అనే జిగురు దానితో పాటు కదలలేక కొన్నాళ్లకు పొరగా విడిపోతుంది. ఆ సందులో చేరిన తడి బయటికి రాదు, చెక్క లోపల్లోపలే పుచ్చుతుంది. ఎపాక్సీ అనే ఇంకో రకం జిగురు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది నిజమే, కానీ అప్పుడు ఇంకో చిక్కు. రేపు ఒక బద్ద విరిగితే మేకు బయటి నుంచి కొట్టాలి, ఆ బయటంతా గట్టి పొర. దాన్ని వేడిచేసి ఒలుస్తుంటే నాలుగు మిల్లీమీటర్ల పలకలు ముక్కలుగా దానితోనే ఊడొస్తాయి. అక్కడ షెడ్డుకు వచ్చిన పడవల్లో నన్ను ఎక్కువ బాధపెట్టినవి ఎవరో మంచి ఉద్దేశంతో ఫైబర్ వేసినవే. మీరు ఏ పని చేయించినా, తర్వాత దాన్ని ముట్టుకునే మనిషి విప్పి మళ్లీ చేసుకునే వీలుండాలి.

మీ ఊళ్లో ఎవరో జీడిపిక్కల తొక్క నూనె పూయమన్నారని కూడా రాశారు. పలాస పక్కనే ఉంది కాబట్టి చౌకగా దొరుకుతుంది, చెక్కను పురుగు నుంచి కాపాడే గుణం దానికి ఉంది. కానీ అది సెడార్‌ను నల్లగా మార్చేస్తుంది, చర్మం మీద పడితే బొబ్బలెక్కిస్తుంది. దాని మీద తర్వాత వార్నిష్ గానీ లప్పం గానీ సరిగ్గా పడుతుందన్న నమ్మకం లేదు. ఈ పడవకు వద్దు.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఇక్కడ తొందరపడొద్దు.

మొదట టార్పాలిన్ తీసేయండి. వానను ఆపుతుందని కప్పారు, కానీ నేల నుంచి లేచే ఆవిరిని అది లోపలే పట్టి ఉంచింది. కొన మెత్తబడింది అందుకే అయ్యుండాలి. పడవను గాలి ఆడే వసారాలోకి మార్చి, రెండు స్టాండ్ల మీద అంచులు ఆనేట్టు బోర్లించండి. స్టాండ్లు మరీ కొనల దగ్గర కాకుండా, ఒక్కో కొన నుంచి పొడవులో నాలుగో వంతు లోపలికి ఉండాలి. కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెడితే చెదలు ఎక్కవు. రేకుల కప్పుకు మరీ దగ్గరగా వద్దు, మే నెల వేడికి పలకలు బీటలిస్తాయి. ఎండలో పెట్టి ఆరబెట్టడం అసలే వద్దు. నీడలో, నెమ్మదిగా, కొన్ని వారాలు.

అది ఆరుతుండగా ఆకారం చూడండి. అడుగున మధ్యలో పొడుగ్గా పోయే బద్ద వెంట ఒక కొన నుంచి ఇంకో కొనకు నూలు దారం బిగించి పట్టుకోండి. సరైన పడవలో అడుగు దాదాపు తిన్నగా ఉంటుంది, లేదా, పడవ నీళ్లలో ఉన్నట్టు ఊహించుకుంటే, కొనల వైపు కొంచెం పైకి లేస్తుంది. పడవ నడుమ లోపలికి గుంటపడి, కొనలు వేలాడితే నడుము విరిగినట్టే, అది పెద్ద పని. తర్వాత ఒక కొన వెనక కూర్చుని ఒక కన్ను మూసి రెండు కొనలూ ఒకే గీతలో ఉన్నాయో, మెలి తిరిగాయో చూడండి. మధ్యలో అడ్డంగా ఉండే బద్దలు బిగువుగా ఉన్నాయా, వదులయ్యాయా చూడండి. పడవ వెడల్పును నిలిపేవి అవే. ఒకటి ఊడిపోయి ఉంటే దాని స్థానంలో పక్కనుంచి పక్కకు తాడు కట్టి ఉంచండి. అన్నీ ఒకేసారి విప్పితే పక్కలు తెరుచుకుని ఆకారం పోతుంది, పోయిన ఆకారాన్ని అచ్చు లేకుండా తిరిగి తేవడం చాలా కష్టం.

ఆకారం బాగుంటే సూదిమొన ఉన్న ఆర తీసుకుని చెక్క పరీక్షించండి. రెండు కొనల్లో కొన కర్రలు, పైన మూతలా ఉండే చిన్న పలక, అంచు బద్దల చివరలు, వంపు బద్దలు అంచును కలిసే చోట్లు, పుచ్చు మొదలయ్యేది వీటి దగ్గరే. మొన తేలిగ్గా దిగి, చెక్క పొడిపొడిగా వస్తే అంతమేరా పోయినట్టే. గట్టిగా ఉండి నల్లగా కనిపిస్తే భయపడక్కర్లేదు, అది పాత తడి మరక. అంచు బద్దల మీద, బెత్తు సీట్ల మీద సన్నటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు చేరిందన్నమాట. యాష్ అనే గట్టి కలపలో అది త్వరగా పడుతుంది, సెడార్ నడిచెక్క కాస్త తట్టుకుంటుంది. చెదల మట్టి గూళ్లు కనిపిస్తే గుడ్డ లోపలి వైపు కూడా చూడండి, నూలు వాటికి ఇష్టం.

ఫొటోల్లో నాకు కనిపించినంతలో విరిగిన నాలుగు బద్దలూ ఒక పక్కనే, కప్పు దూలం పడిన చోటే ఉన్నాయి. ఇలాంటి పడవలో నలభై పైన బద్దలుంటాయి, నాలుగు పోతే కంగారు అక్కర్లేదు. కొన పుచ్చినా కొత్త ముక్క అతికి సరిచేయొచ్చు. కాబట్టి నడుము, మెలి ఈ రెండూ బాగుంటే మీ పడవ నిస్సందేహంగా బాగుచేయదగ్గదే. నడుము విరిగి, అంచు బద్దలు రెండు వైపులా చివరి వరకు పుచ్చి, బద్దల్లో మూడో వంతు పోయి ఉంటే మాత్రం మన దగ్గర ఆ పని మొదలుపెట్టొద్దనే అంటాను. అప్పుడు శుభ్రం చేసి ఇంట్లో భద్రపరచడమే దానికి చేసే న్యాయం.

కలప విషయంలో నిజం చెప్పాలి. వైట్ సెడార్ మన దగ్గర దొరకదు. పశ్చిమ కెనడా నుంచి వచ్చే రెడ్ సెడార్ పెద్ద నగరాల్లో దిగుమతి కలప డీలర్ల దగ్గర దొరుకుతుంది, పలకలకు బాగా పనికొస్తుంది. వంపు బద్దలకు అది పెళుసు, వంచేటప్పుడు చిట్లుతుంది. నాలుగైదు బద్దల కలప అంటే అయిదడుగుల సన్నటి ముక్కలే కాబట్టి, అక్కడున్న మీ బంధువులు ఎవరైనా వచ్చేటప్పుడు కట్టగట్టి తేవచ్చు. ముడులు లేని, ఈనె తిన్నగా ఉన్న ముక్కలు కావాలని చెప్పండి. టేకుతో బద్దలు చేయిద్దామనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. మంచి కలపే, కానీ బరువు, బిగువు రెండూ వేరు. చుట్టూ సెడార్ వంగుతుంటే మధ్యలో టేకు వంగక, పక్క బద్దల మీద భారం పడుతుంది. కొన మీది పలకకు, సీటు ఫ్రేముకు టేకు వాడుకోండి, ఇబ్బంది లేదు.

మీ వడ్రంగికి ఈ పడవ కొత్త కావచ్చు, అయినా చిత్రిక బాగా పట్టే చేయి ఉంటే నేర్చుకుంటాడు. బద్దను రాత్రంతా నానబెట్టి, చెక్క పెట్టెలోకి ఆవిరి పంపి ఇరవై నిమిషాలు ఉంచాలి. తీసిన వెంటనే, క్షణం ఆలస్యం లేకుండా పడవ బయటి వైపు మీదే వంచి కట్టేయాలి. అయితే అది చేరాల్సిన చోట కాదు, కొన వైపు ఒకటి రెండు బద్దల దూరం జరిగి వంచాలి. లోపలి కొలత బయటి కొలత కంటే చిన్నది కదా, అందుకు. ఆరాక లోపల అమర్చి, బయటి నుంచి ఒకరు మేకు కొడుతుంటే లోపల ఇంకొకరు బరువైన ఇనుప దిమ్మను అదిమి పట్టాలి. ఇత్తడి లేదా రాగి మేకులే వాడండి. ఇనుప మేకు కొడితే మన ఉప్పు గాలికి తుప్పు పట్టి చుట్టూ చెక్కను తినేస్తుంది.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కాలపు రంగుల్లోనూ, గుడ్డకు రుద్దిన లప్పంలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. లప్పంలో సిలికా పొడి కూడా ఉంటుంది. పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డను రంగుతో సహా పెద్ద ముక్కలుగా కోసి తీసేయండి, రుద్దొద్దు. లోపలి పాత వార్నిష్‌ను రిమూవర్ పూసి గీకండి. మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి, ఆ గుడ్డను తగలబెట్టకండి.

గుడ్డ వేయడం మాత్రం మన ఉద్దానంలో చక్కగా కుదిరే పని, ఎందుకంటే గట్టి కొబ్బరిచెట్లు రెండు కావాలి. కోరా నూలు కాన్వాస్, చదరపు మీటరుకు దాదాపు 500 గ్రాముల బరువుది, అయిదడుగుల వెడల్పులో ఆరున్నర గజాలు తీసుకోండి. దుకాణంలో లారీ టార్పాలిన్ కోసం మైనం పట్టించిన గుడ్డ చూపిస్తారు, అది లప్పాన్ని పీల్చుకోదు, తీసుకోవద్దు. గుడ్డను పొడవునా సగానికి మడిచి రెండు చెట్ల మధ్య చైన్ పుల్లీతో లాగితే ఉయ్యాల తొట్టిలా తెరుచుకుంటుంది. అందులో పడవను కూర్చోబెట్టి, లోపల బరువు పెట్టి, ఇంకా బిగించి, ఒక్కో బద్ద దగ్గర గుడ్డను పైకి లాగుతూ మేకు కొట్టుకుంటూ పోవాలి. తర్వాత ఉడికించిన లిన్సీడ్ (అవిసె గింజల) నూనె, సిలికా, ఎనామెల్ కలిపిన లప్పం అరచేత్తో రుద్దినట్టు రుద్దాలి. అక్కడి చలిదేశంలోనే అది ఆరడానికి నెల పైన పడుతుంది, మన వానాకాలంలో మొదలుపెడితే జిగురుగానే ఉండిపోతుంది. డిసెంబరులో మొదలుపెట్టండి, తుఫానుల భయమూ తగ్గుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో వేయండి. చుట్టూ కొబ్బరి మట్టలున్న తోటలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

డబ్బు విషయం రెండు ముక్కల్లో చెబుతాను. కెనడాలో కూడా ఇలాంటి పడవ పూర్తిగా బాగుచేయించే ఖర్చు సాధారణంగా దాని అమ్మకం ధరను దాటుతుంది. మన దగ్గర అయితే కొనేవాళ్లే లేరు. పెట్టుబడి అనుకుని దిగితే నిరాశే.

అసలు ప్రశ్న దాన్ని ఎవరు నడుపుతారన్నది. బారువ సముద్రంలోకి మాత్రం తీసుకెళ్లకండి, ఆ అలలకు మన తెప్పలే తగినవి, ఇది చెరువుకూ నదికీ చేసిన పడవ. సోంపేట బీల లాంటి నిలకడ నీళ్లు, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధార నిండుగా ఉన్నప్పుడు, అదీ అనుమతి తీసుకుని, లైఫ్ జాకెట్లు వేసుకుని, ఇవి దీనికి తగిన చోట్లు. ఇసుక మీద ఈడ్చకుండా ఇద్దరు మోసుకెళ్లాలి. మీ ఇంట్లో అలా వెళ్లేవాళ్లు ఒక్కరున్నా కొత్త గుడ్డ వేయించండి. తేలేందుకు కావాల్సినంతే మార్చి, తాతగారి చేతి అరుగుదల ఉన్న అంచులు, పాత సీటు అలాగే వదిలేయండి. అలాంటివాళ్లు ఇప్పుడు ఎవరూ లేకపోతే ఆరబెట్టి, పుచ్చిన కొనకు మందు వేసి, వసారాలో పెట్టి ఆగండి. పొడిగా ఉన్న సెడార్ ఇంకో ఇరవై ఏళ్లు ఓపిగ్గా ఆగుతుంది, మీ పిల్లలకు ఆసక్తి పుడితే అప్పుడు చేసుకోవచ్చు. ఆగడం ఓటమి కాదు, తడిలో వదిలేయడమే తప్పు.

నాయనమ్మగారు కదపొద్దనడం వెనక పడవ పాడవుతుందనే భయం ఉండి ఉంటుంది. ముందు జరిగేది ఆరబెట్టడమేనని, ఒక్క మేకు కూడా కొట్టమని చెప్పండి. ఆమె దాంట్లో ఎప్పుడైనా కూర్చున్నారా, ఏ నదిలో తిరిగారు, ఇదివరకు ఒకసారి గుడ్డ మార్చారా అని అడిగి రాసి పెట్టుకోండి. ఈ ఆఖరిది నాకు చాలా ఉపయోగం. అంతకుముందు మార్చి ఉంటే అంచుల్లో రెండు వరసల మేకుల గుర్తులుంటాయి, కొత్తగా కొట్టేటప్పుడు వాటిని తప్పించాలి.

పడవ ఆరాక మూడు ఫొటోలు పెట్టండి: అడుగు వెంట దారం బిగించి పక్క నుంచి తీసింది, కొన వెనక నుంచి పొడవునా తీసింది, మెత్తబడిన కొన లోపలి వైపు వెలుతురు వేసి తీసింది. అవి చూశాక గుడ్డ విప్పాలా వద్దా చెబుతాను. అప్పటివరకు మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వకండి.